కరువులో వేరు చేసే ఎంపిక

వానలు మొహం చాటేసిన ఏడు చెట్టు కష్టాన్ని మనం ఆకుల్లో చూస్తాం. ఆకులు వడలినా, పసుపెక్కినా, కాలం కాని కాలంలో రాలిపోయినా చెట్టుకు నీరు చాలడం లేదని గుర్తిస్తాం. కానీ ఆ గుర్తులు పైకి కనబడేసరికే నేల కింద చాలా జరిగిపోయి ఉంటుంది. బడిలో చదువుకున్న పాఠం ప్రకారం వేరు పని రెండే: చెట్టును నిలబెట్టడం, నీటినీ లవణాలనూ పీల్చి పైకి పంపడం. నీరుంటే పీలుస్తుంది, లేకపోతే ఊరుకుంటుంది అన్నట్టుగా ఉంటుంది ఆ పాఠం. గత మూడు నాలుగు దశాబ్దాల పరిశోధన దీన్ని చాలావరకు తిరగరాసింది. నేల ఎండడం మొదలైనప్పుడు ఎటు పెరగాలి, ఎక్కడ కొమ్మ వేయడం మానాలి, ఏ దారిని మూసేయాలి అనే మూడు విషయాలు వేరులోని కణాలే తేల్చుకుంటాయి. కరువులో చెట్టు బతుకుతుందా లేదా అన్నది చాలామేరకు ఈ ఎంపికల మీదే ఆధారపడి ఉంటుంది. ఆ ఎంపికలు అణువుల స్థాయిలో ఎలా జరుగుతాయో తెలిస్తే, మనం మొక్కలు నాటే పద్ధతినీ నీరు పెట్టే పద్ధతినీ మార్చుకోక తప్పదని నా వాదన.

వేరు నేల ఎండడాన్ని గుర్తించి పైకి కబురు పంపగలదనడానికి బలమైన సాక్ష్యాల్లో ఒకటి 1990లో బ్రిటన్ శాస్త్రవేత్తలు ప్రచురించిన ఆపిల్ మొక్కల ప్రయోగం. ఒక్కో మొక్క వేర్లను రెండు భాగాలుగా విడదీసి రెండు కుండీల్లో పెంచారు. ఒక కుండీకి నీరు పోస్తూ రెండోదాన్ని ఎండనిచ్చారు. తడి కుండీలోని వేర్లే మొక్క మొత్తానికీ సరిపడా నీరు అందించాయి, ఆకుల్లో నీటి కొరత ఏమీ లేదు. అయినా కొత్త ఆకుల పెరుగుదల మందగించింది. ఎందుకని తేల్చుకోవడానికి ఎండిన కుండీలోని వేర్లను కోసేశారు. సగం వేర్లు నీరు అందించలేకపోవడమే కారణమైతే, వాటిని తీసేసినా మొక్క పరిస్థితి బాగుపడకూడదు. కానీ ఆకులు మళ్లీ పెరగసాగాయి. ఎండిన వేర్లు ఉన్నంతసేపూ పెరుగుదలను తగ్గించమనే సంకేతం ఏదో పైకి వెళుతోందని, వాటిని కోసేయగానే అది ఆగిపోయిందని దీన్నిబట్టి అర్థమవుతుంది. చెట్టుకు నిజంగా నీరు కరువు కాకముందే కరువు రాబోతోందని వేరు చెప్పగలిగింది.

ఈ ముందుచూపు అవసరం ఎందుకో తెలియాలంటే ఎండే నేలలో ఏం జరుగుతుందో చూడాలి. నేలలో తేమ తగ్గేకొద్దీ మట్టి రేణువులు మిగిలిన నీటిని మరింత బిగువుగా పట్టుకుంటాయి. ఆ బిగువును మెగాపాస్కల్ అనే ప్రమాణంలో, రుణ సంఖ్యగా కొలుస్తారు. రుణ 1.5 దగ్గర చాలా పంటమొక్కలు తిరిగి తేరుకోలేనంతగా వడలిపోతాయని వ్యవసాయశాస్త్రం లెక్క. నీరు ఎప్పుడూ బిగువు తక్కువున్న చోటు నుంచి ఎక్కువున్న చోటికి కదులుతుంది. అంటే వేరు కణాలు తమ లోపలి బిగువును నేల బిగువు కంటే పెంచుకుంటేనే నీరు లోపలికి వస్తుంది. 1988లో అమెరికాలో మొక్కజొన్న మొలకల మీద జరిగిన పరిశోధన ఇది సాధ్యమేనని చూపింది. రుణ 1.6 మెగాపాస్కల్ దగ్గర కాండం పెరుగుదల పూర్తిగా నిలిచిపోయినా వేరు మాత్రం సాగుతూనే ఉంది. వేరు కొన నుంచి మొదటి కొద్ది మిల్లీమీటర్లలో పెరుగుదల దాదాపు తగ్గనేలేదు. ఆ భాగంలోని కణాలు ప్రోలిన్ అనే అమైనో ఆమ్లాన్ని పెద్దమొత్తంలో కూడబెట్టుకుని, దాని సాయంతో నీటిని లోపలికి లాగుతున్నాయని తర్వాత తేలింది. కణకవచాన్ని సడలించి కణం సాగేందుకు వీలు కల్పించే ఎక్స్‌పాన్సిన్లు అనే ప్రోటీన్లు కూడా అక్కడ చురుగ్గా పనిచేస్తున్నాయి. ఉన్న కాస్త శక్తినీ వేరు తన పొడవునా పంచకుండా, కొత్త తడిని చేరగల కొన దగ్గరే ఖర్చు పెడుతోందన్నమాట.

మొక్కజొన్న ఏడాది తిరక్కుండా ముగిసే పంట. చెట్ల సంగతేమిటి? మధ్య ఆసియా, పశ్చిమాసియా ఎడారి నదుల ఒడ్డున పెరిగే యూఫ్రటీస్ పోప్లార్ మీద 2007లో వెలువడిన ఒక అధ్యయనం దీనికి చక్కగా జవాబిస్తుంది. లేత మొక్కలకు నాలుగు వారాలపాటు క్రమంగా నీరు తగ్గిస్తూ పోయి, ఆపైన పూర్తిగా తడిపి 10 రోజులు తేరుకోనిచ్చారు. ఆ కాలమంతా సుమారు 6,340 జన్యువుల పనితీరును ఆకుల్లోనూ వేర్లలోనూ గమనించారు. నీరు తగ్గినప్పుడు మొక్కలో మార్పులు ఒక వరుసలో వచ్చాయి. ముందు కొమ్మల పెరుగుదల ఆగింది. తర్వాత ఆకుల మీది పత్రరంధ్రాలు మూసుకున్నాయి. ఆపైన కిరణజన్య సంయోగక్రియ పడిపోయింది. వేరు పెరుగుదల తగ్గడం అన్నిటికంటే చివర జరిగింది. తిరిగి నీరు పెట్టగానే ఈ మార్పులన్నీ దాదాపు పూర్తిగా వెనక్కి మళ్లాయి. ఆహారం తయారీ కుంటుపడిన తర్వాత కూడా చెట్టు తన మిగులును వేరుకు మళ్లిస్తోందంటే, కరువులో ఏది ముఖ్యమో దాని కణాల్లోనే రాసి ఉందనుకోవాలి.

ఈ ఏర్పాటు మొత్తానికీ కేంద్రంలో అబ్సిసిక్ ఆమ్లం అనే హార్మోను ఉంది. పత్తికాయలు ముందే రాలడానికీ, చెట్ల మొగ్గలు నిద్రాణంగా ఉండిపోవడానికీ కారణాలు వెతుకుతున్న వేర్వేరు బృందాలు 1960లలో దీన్ని కనుగొన్నాయి. నీటి కొరత ఏర్పడినప్పుడు ఎన్‌సీఈడీ అనే ఎంజైము కణంలోని పసుపు వర్ణకాలను ముక్కలు చేయడంతో దీని తయారీ వేగం పుంజుకుంటుంది. కానీ ఈ హార్మోనును కణం ఎలా గుర్తిస్తుందన్నది దాదాపు అర్ధశతాబ్దం పాటు తేలలేదు. 2009లో అమెరికా, జర్మనీ ప్రయోగశాలలు దాని గ్రాహక ప్రోటీన్లను పట్టుకున్నాయి. నీరు పుష్కలంగా ఉన్నప్పుడు ఫాస్ఫటేజులనే ఎంజైములు కొన్ని కైనేజు ఎంజైములను పనిచేయకుండా అణచి ఉంచుతాయి. అబ్సిసిక్ ఆమ్లం వచ్చి గ్రాహకంలో చేరగానే గ్రాహకం ఆకారం మారి ఫాస్ఫటేజును పట్టుకుని కదలనివ్వదు. అణచివేత తొలగిన కైనేజులు ఇతర ప్రోటీన్లకు ఫాస్ఫేటు తగిలించడం మొదలుపెడతాయి. వాటిలో కొన్ని కణపొరలోని అయాన్ల మార్గాలను తెరుస్తాయి, మరికొన్ని కణకేంద్రకంలోకి వెళ్లి కరువు జన్యువులను మేల్కొల్పుతాయి. ఇదే హార్మోను తక్కువ మోతాదులో వేరు పెరగడానికి తోడ్పడుతుంది, మోతాదు మించితే పెరుగుదలను ఆపేస్తుంది. కాబట్టి ఏ కణంలో ఎంత చేరిందన్నదే ఫలితాన్ని తేలుస్తుంది.

మొదటి ఎంపిక దిశ. వేరు తేమవైపు వంగుతుందని చార్లెస్ డార్విన్, ఆయన కుమారుడు ఫ్రాన్సిస్ 1880లో ప్రచురించిన పుస్తకంలోనే రాశారు. మొలకవేరు కొనకు నూనె, మసి కలిపి పూస్తే ఆ వంపు చాలావరకు పోయిందని గమనించి, తేమను పసిగట్టేది కొనేనని తీర్మానించారు. 2007లో జపాన్ శాస్త్రవేత్తలు ఆవాల కుటుంబానికి చెందిన అరబిడాప్సిస్ అనే చిన్న మొక్కలో ఎమ్ఐజెడ్1 అనే జన్యువు చెడిపోతే వేరు తేమవైపు వంగలేదని కనుగొన్నారు. 2017లో మరో బృందం వేరు కొననే తొలగించి చూసింది. అయినా వేరు తేమవైపే వంగింది. అసలు పని కొనకు కాస్త వెనుక, కణాలు సాగే భాగంలోని వల్కలంలో, అంటే వేరు పైచర్మానికీ లోపలి నాళాలకూ మధ్య ఉండే పొరల్లో, జరుగుతోంది. అక్కడ అబ్సిసిక్ ఆమ్లమూ ఎమ్ఐజెడ్1 కలిసి ఒక పక్క కణాలను రెండో పక్క కణాలకంటే ఎక్కువగా సాగనిస్తాయి, దాంతో వేరు వంగుతుంది. డార్విన్ చూసిన వంపు నిజమే, దాని చోటును మాత్రం తర్వాతి తరాలు సరిచేశాయి.

రెండో ఎంపిక కొమ్మ వేయడం. వేరు నుంచి పుట్టే పిల్లవేర్లు ఎక్కడపడితే అక్కడ రావు. ఒకే వేరుకు ఒక పక్క తడి మట్టి, మరో పక్క గాలి ఖాళీ ఉంటే పిల్లవేర్లు తడి పక్కనే మొలుస్తాయి. దీనికి కారణం 2018లో తెలిసింది. పిల్లవేరును పుట్టించే జన్యువులను నడిపే ఏఆర్ఎఫ్7 అనే ప్రోటీను వేరు రెండు పక్కలా ఉంటుంది. పొడి పక్కన మాత్రం దానికి సుమో అనే చిన్న ప్రోటీను తగులుకుంటుంది. అలా తగులుకున్న ఏఆర్ఎఫ్7ను ఒక నిరోధక ప్రోటీను పట్టుకుని పనిచేయనివ్వదు. ఇక వేరు కొన పూర్తిగా పొడి ఖాళీలోకి చేరితే ఏమవుతుందో 2022లో మరో పరిశోధన చూపింది. అప్పుడు నీరు లోపలి నాళాల నుంచి బయటికి కదులుతుంది, దానితోపాటు అబ్సిసిక్ ఆమ్లమూ బయటి పొరలకు చేరుతుంది. కణానికీ కణానికీ మధ్య ఉండే సూక్ష్మమార్గాలను అది మూసేస్తుంది. పిల్లవేరు పుట్టడానికి కావలసిన ఆక్సిన్ హార్మోను ఆ మార్గాల్లోంచే లోపలికి రావాలి కనుక ఆ చోట కొమ్మ పుట్టదు. కొన మళ్లీ తడి తాకిన తర్వాత పెరిగిన భాగంలో పిల్లవేర్లు మామూలుగా వస్తాయి. నీటి కదలిక దిశే ఇక్కడ సమాచారంగా మారుతోంది. కొలవడానికి వేరుకు వేరే సాధనం అక్కర్లేదు.

మూడోది, నా దృష్టిలో అన్నిటికంటే కీలకమైనది, మూసుకోవడం. నేల బాగా ఎండితే నీరు వేరులోంచి మట్టిలోకి ఎదురు నడిచే ప్రమాదముంది. చెరువు అడుగంటే వేళ రైతులు తూము బిగించినట్టే వేరు కూడా తన దారులను బిగిస్తుంది. కణపొరల్లో నీరు దాటే మార్గాలు ఆక్వాపోరిన్లనే ప్రోటీన్లు. 1992లో వీటి పనిని గుర్తించిన పీటర్ ఆగ్రేకు 2003లో రసాయనశాస్త్ర నోబెల్ వచ్చింది. మొక్కల ఆక్వాపోరిన్లలో కొన్నిటికి ఫాస్ఫేటు తొలగిపోతే అందులోని ఒక ఉచ్చు వంగి రంధ్రాన్ని మూసేస్తుంది. ఇది నిమిషాల్లో జరిగే పని, తిరిగి తెరవడమూ తేలికే. రెండో పద్ధతి నెమ్మదిగా జరుగుతుంది, ఎక్కువకాలం నిలుస్తుంది. వేరు లోపల నాళాలను చుట్టి ఉండే అంతశ్చర్మం కణాలు, అబ్సిసిక్ ఆమ్లం ఆదేశం మీద, తమ గోడల చుట్టూ సూబరిన్ అనే మైనం లాంటి పదార్థాన్ని పరుస్తాయి. బెండు చెట్టు బెరడులో ఉండేదీ ఇదే. సూబరిన్ పట్టిన వేరు నీటిని పోనివ్వదు, కొత్తగా పీల్చుకునే శక్తినీ చాలావరకు కోల్పోతుంది. జర్మనీలోని క్రాంజ్‌బెర్గ్ అడవిలో పక్కపక్కనే పెరిగే రెండు జాతులు ఈ విషయంలో వేర్వేరు దారులు పట్టాయి. స్ప్రూస్ తన సన్నవేర్లకు సూబరిన్ పట్టించి కరువు తీరేదాకా వాటిని కాపాడుకుంటుంది. బీచ్ పాత సన్నవేర్లను వదిలేసి కొత్తవి వేస్తుంది. ఒకటి ఉన్నదాన్ని దాచుకుంటే రెండోది పెట్టుబడి పెడుతోంది. కరువు ఎంతకాలం సాగుతుందన్నదాన్ని బట్టి ఏ పద్ధతి గెలుస్తుందో తేలుతుంది.

ఇక్కడ రావలసిన అభ్యంతరాలు మూడున్నాయి. మొదటిది: పత్రరంధ్రాలు మూసుకునేది వేరు కబురు వల్లేనని ఎలా చెప్పగలం, ఆకు కూడా అబ్సిసిక్ ఆమ్లాన్ని తయారు చేసుకుంటుంది కదా? ఇది బలమైన అభ్యంతరమే. 2002లో అబ్సిసిక్ ఆమ్లం తయారు చేయలేని టమాటా వేర్లకు మామూలు టమాటా కొమ్మలను అంటుకట్టి నేలను ఎండనిస్తే, పత్రరంధ్రాలు మామూలుగానే మూసుకున్నాయి. అంటే వేరు ఆ హార్మోనునే పైకి పంపాలన్న నియమం లేదు. అయితే దీనివల్ల వేరు కబురు పంపదని తేలలేదు. 2018లో జపాన్‌లోని రికెన్ సంస్థ పరిశోధకులు అరబిడాప్సిస్ వేరులో కరువు వేళ పుట్టే సీఎల్ఈ25 అనే పెప్టైడును కనుగొన్నారు. పన్నెండు అమైనో ఆమ్లాల ఈ చిన్న గొలుసు నాళాల గుండా ఆకుకు చేరి, అక్కడి గ్రాహకాలను తాకి, ఆకులోనే అబ్సిసిక్ ఆమ్లం తయారయ్యేలా చేస్తుంది. నాళాల్లోని నీటి బిగువు పెరగడం కూడా మరో కబురుగా పనిచేస్తుంది. ఇటు ఆకులో తయారైన హార్మోను కిందికి దిగి వేరు పెరుగుదలకు తోడ్పడుతుందని 2016 నాటి పరిశోధనలు చెబుతున్నాయి. కాబట్టి వేరుకూ ఆకుకూ మధ్య జరిగేది రెండు వైపులా సాగే సంభాషణ. దాన్ని మొదలుపెట్టే స్థానంలో ఎక్కువసార్లు ఉండేది ఎండే మట్టిని తాకే వేరే.

రెండో అభ్యంతరం: ఈ సాక్ష్యాల్లో ఎక్కువ భాగం వేలెడు అరబిడాప్సిస్ నుంచి వచ్చినవి, నూరేళ్లు బతికే చెట్టుకు ఇవి వర్తిస్తాయా? చెట్టు వేరు ఏటా లావెక్కుతుంది, కర్రగా మారుతుంది, శిలీంధ్రాలతో పొత్తు పెట్టుకుంటుంది. ఈ తేడాలు చిన్నవి కావు. అయినా మూల యంత్రాంగం ఒకటేనని చూపే ఆధారాలున్నాయి. చెట్లలో తొలిసారి జన్యుక్రమం పూర్తిగా చదివినది పోప్లార్‌దే, 2006లో. అబ్సిసిక్ ఆమ్లానికి సంబంధించిన గ్రాహకాలూ ఫాస్ఫటేజులూ కైనేజులూ అందులోనూ ఉన్నాయి. 2009లో పరిశోధకులు ఈ హార్మోను మాట వినని అరబిడాప్సిస్ ఫాస్ఫటేజు జన్యువును బూడిదరంగు పోప్లార్‌లో ప్రవేశపెట్టారు. ఆ మొక్కలు చీటికిమాటికి వడలిపోయాయి, వాటిని చాలా తేమగా ఉన్న గదుల్లో పెంచవలసి వచ్చింది. వాటి కొమ్మలు ఎక్కువ పెరిగాయి, వేర్లు మాత్రం కుంటుపడ్డాయి. చిన్న మొక్క నుంచి తెచ్చిన ఒక్క జన్యువు చెట్టులో వేరుకూ కొమ్మకూ మధ్య లెక్కనే తలకిందులు చేసిందంటే, ఆ లెక్క రెండింటిలోనూ ఒకే అణువుల చేతిలో ఉందని ఒప్పుకోవాలి.

మూడో అభ్యంతరం మన ప్రాంతంలో ఎక్కువగా వినబడేది: ఈ సూక్ష్మాలన్నీ ఎందుకు, వేరు లోతుకు దిగితే చాలదా? లోతు గొప్ప ఆస్తి, కాదనలేం. అమెరికాలోని అరిజోనాలో మన సర్కారు తుమ్మ ప్రజాతికే చెందిన చెట్టు వేర్లు ఒక గని తవ్వకంలో 53 మీటర్ల లోతున కనబడ్డాయి. ఆఫ్రికాలోని కలహారిలో ఒక చెట్టు వేర్లు 68 మీటర్ల దాకా దిగినట్టు నమోదైంది. కొన్ని చెట్లు రాత్రివేళ లోతు నుంచి తెచ్చిన నీటిని పైపొర మట్టిలోకి కూడా వదులుతాయి. కానీ అనంతపురంలాంటి చోట, ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన కురిసే పలచటి ఎర్రనేలల్లో, కాస్త దిగేసరికే రాయి తగులుతుంది. అక్కడ వేరు లోతుకు పోవాలంటే ముందు రాతి పగుళ్లలో తడి ఉన్నదాన్ని ఎంచుకోవాలి, దారిలోని పొడి ఖాళీల్లో కొమ్మలు వేసి శక్తి వృథా చేసుకోకూడదు, పైనున్న ఎండిన భాగంలోంచి నీరు కారిపోకుండా మూసుకోవాలి. లోతు కూడా ఈ ఎంపికల ఫలితమే. చెన్నైలోని ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధనా సంస్థ శాస్త్రవేత్తలు సర్కారు తుమ్మ నుంచి ఒక జన్యువును తీసి పొగాకు మొక్కల్లో ప్రవేశపెడితే, లోతైన వేరు ఏమీ లేకుండానే వాటికి కరువును తట్టుకునే శక్తి పెరిగిందని 2010లో ప్రచురించారు. ఆ చెట్టు బలం దాని కణాల్లో కూడా ఉంది.

ఈ యంత్రాంగానికి హద్దులూ ఉన్నాయి. ద్రాక్ష వేర్ల మీద 2016లో వచ్చిన పరిశోధన ప్రకారం, కరువు ముదిరినప్పుడు కాండంలో నీటి నాళాలు తెగకముందే సన్నవేర్ల వల్కలంలోని కణాలు కూలి ఖాళీలు ఏర్పడతాయి, వేరు నీటిని పీల్చే శక్తి అక్కడే పడిపోతుంది. కూలిన కణాన్ని ఏ హార్మోనూ తిరిగి నిలబెట్టలేదు. కాబట్టి కరువు తర్వాత చెట్టు బతుకు కొత్త సన్నవేర్లు వేయగలగడం మీద ఉంటుంది. అదే ఏడాది బీచ్ మొక్కల మీద జరిగిన మరో అధ్యయనంలో, తిరిగి నీరు అందగానే ఆకులు తయారుచేసిన ఆహారంలో పెద్ద వాటా ముందు వేర్లకే వెళ్లిందని, ఆనవాలు పట్టేలా గుర్తు వేసిన కర్బనం ద్వారా తెలిసింది. వాన పడ్డాక చెట్టు పచ్చబడలేదని తొందరపడి నరికేసేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. చెట్టు ముందు నేల కింద బాగు చేసుకుంటుంది, పైన తర్వాత.

ఈ జ్ఞానం తోటల్లో పనికొస్తుందా అంటే వస్తుంది, కానీ అతిశయోక్తి వద్దు. ఆపిల్ ప్రయోగం లాంటివాటి ఆధారంగా 1990లలో ఆస్ట్రేలియా ద్రాక్షతోటల్లో వేర్ల ఒక పక్కను ఎండనిస్తూ, రెండో పక్కకు నీరు పెడుతూ, కొన్నాళ్లకోసారి పక్కలు మార్చే పద్ధతి ప్రవేశపెట్టారు. నీరు దాదాపు సగానికి తగ్గినా దిగుబడి పెద్దగా తగ్గలేదని చూపారు. తర్వాత వచ్చిన సమీక్షలు, నీటిని మొత్తం మీద తగ్గించి పెట్టినా చాలాచోట్ల ఇంచుమించు అంతే ఫలితం వస్తోందని తేల్చాయి. రెండిటి సారమూ ఒకటే: వేరు చుట్టూ నేలను కాస్త ఎండనిస్తే చెట్టు పొదుపు నేర్చుకుంటుంది.

మనకు పనికొచ్చే పాఠం ఇక్కడే ఉంది. తెలంగాణ రాష్ట్ర వృక్షం జమ్మి, ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర వృక్షం వేప. రెండూ కరువుకు ఓర్చే చెట్లే. అయినా నర్సరీ సంచిలో అడుగున చుట్టలు చుట్టుకుపోయిన తల్లివేరుతో నాటిన వేప మొక్కకు దిశ ఎంచుకునే అవకాశం ఉండదు. రోజూ పైపైన చెంబెడు నీళ్లు పోస్తే తడి ఎప్పుడూ పై పొరలోనే ఉంటుంది, పిల్లవేర్లూ అక్కడే పుడతాయి, వేసవిలో ముందు ఎండేది ఆ పొరే. మొక్కలు ఎన్ని నాటామన్న లెక్క కంటే వాటి వేర్లు ఏ స్థితిలో నేలలోకి వెళ్లాయన్నది ముఖ్యం. నాటే ముందు సంచి చించి, చుట్టుకున్న వేర్లను విప్పండి లేదా కత్తిరించండి. మొక్క కుదురుకున్నాక నీరు అరుదుగా, లోతుగా దిగేలా పెట్టండి. పాదులో ఆకుచెత్త కప్పండి. కరువులో ఏం చేయాలో వేరుకు కోట్ల ఏళ్లుగా తెలుసు. దాని ఎంపికకు అడ్డు రాకుండా చూడడమే మనం చేయవలసిన సాయం.